నే అన్నాడు

గేరా అఖాతం ఒడ్డున
పడవలు చేసే కొట్టం.
లోపల పైన్ చెక్క వాసన, తారు వాసన,
నిన్నటి చేపల పులుసు వాసన.
తక్సియార్హిస్‌కి డెబ్భై రెండేళ్ళు.
ఎడమచేతి ఉంగరపు వేలు సగమే ఉంది.
మిగతా సగం ఏదని అడిగితే
ఒక్కోసారి ఒక్కో పడవ పేరు చెప్తాడు.

జివ్కో పనిలో చేరి అది రెండో రోజు.
బల్గేరియావాడు, రొదోపీ కొండల్లో పుట్టాడు,
సముద్రాన్ని ఇంకా అనుమానంగానే చూస్తున్నాడు.
పలక మీద రంపం ఆనించి
ఇక్కడేనా అని కళ్ళతో అడిగాడు.
'నే' అన్నాడు ముసలాయన.
గ్రీకులో అవునని.
జివ్కోకి కాదని వినపడింది.
చిన్నప్పుడు చెయ్యి చాపిన ప్రతి మిఠాయి దగ్గరా
వాళ్ళమ్మ అన్నది ఆ మాటే మరి.
రంపం జానెడు ఇవతలికి జరిపాడు.
ముసలాయన అప్పటికే అటు తిరిగి
గాలికి చెయ్యి అడ్డుపెట్టి సిగరెట్ ముట్టిస్తున్నాడు.
సామోస్ దీవి పైన్, రెండేళ్ళు నీడన ఆరబెట్టింది,
పొట్టిదైపోయింది.
ఆ తర్వాతి తిట్లు మాత్రం
జివ్కోకి ఒక్కటీ పొల్లుపోకుండా అర్థమయ్యాయి.

పోనీ తల ఊపి సరిపెట్టుకుందామా అంటే
జివ్కో తల అడ్డంగా తిప్పితే అవును,
తక్సియార్హిస్ గడ్డం పైకెత్తితే కాదు.
మెడకో వ్యాకరణం.

మరుసటి వేసవిలో ఎదుటి ఒడ్డు నుంచి నుస్రెత్ వచ్చాడు,
ఐవాలిక్‌వాడు, విరిగిన చుక్కానితో.
తక్సియార్హిస్ ఎనిమిది వందలన్నాడు.
నుస్రెత్ కనుబొమలు నెత్తికెక్కాయి.
'నే?'
టర్కిష్‌లో అది ఏంటీ అని.
బేరం కుదిరిందనుకుని ముసలాయన చెయ్యి చాపాడు.
చెడిందనుకుని జివ్కో పనిముట్లు సర్దేశాడు.
ఒకరి చేతినీ ఇంకొకరి వీపునీ మార్చి మార్చి చూసి
నుస్రెత్ మళ్ళీ అన్నాడు: 'నే?'

చెవికి ఒకటే గానీ ఇవి మూడు మాటలు.
గ్రీకుది
ఒట్టు పెట్టేటప్పుడు దేవుడి పేరుకి ముందు పలికిన ముక్క,
దేవుళ్ళు వెళ్ళిపోయాక ఉత్త అవునై మిగిలింది.
బల్గేరియాది మన సంస్కృతపు నకారానికి దాయాది,
ఎన్ని కొండలు దాటినా మొహంలో పోలిక పోలేదు.
టర్కిష్‌ది ఎక్కడో గడ్డిమైదానాల్లో
గుర్రమెక్కి బయల్దేరిన ప్రశ్న.
ఇంటిపేరు ఒకటే, గోత్రాలు వేరు.
ఇది రాస్తున్న నాకా, నే అంటే నేనే.
అందుకే ఆ కొట్టంలో ఎవరు నోరు తెరిచినా
నా బదులు ఇంకెవరో పలికినట్టు
ఉలిక్కిపడతాను.

అక్టోబరులో ఒక సాయంత్రం
జివ్కోకి వాళ్ళక్క ఫోను.
పొట్టిదైన ఆ పలకే ఇప్పుడు బెంచీ,
దాని మీదే కూర్చుని విన్నాడు.
తండ్రి పోయి ముప్పై రెండు రోజులు.
నలభయ్యో రోజుకైనా వస్తావా అని.
బతికుండగా ఆయన రావద్దన్న ఇంటికి.
'నే' అన్నాడు.
కాసేపాగి 'నే, నే' అన్నాడు.
చెక్కపొట్టులో బూటు కొనతో గీతలు గీస్తూ
ఇంకోసారి, బాగా మెల్లగా, 'నే'.

తక్సియార్హిస్ విన్నాడు.
ఏడాదిన్నర పక్కపక్కన పనిచేశాక
ఈ మాత్రం తెలిసే ఉండాలి.
తెలియలేదో, తెలియనట్టు ఉన్నాడో
ఆ మొహం చూసి చెప్పడం కష్టం,
పొగ అడ్డం.
లోపలికెళ్ళి జీతం కవరు తెచ్చాడు,
అయిదు లీటర్ల ఆలివ్ నూనె డబ్బా తెచ్చాడు,
చెక్కముక్క మీద వడ్రంగి పెన్సిలుతో
కవాలా వెళ్ళే ఓడ వేళ రాసి ఇచ్చాడు.
'వెళ్తానన్నావుగా' అన్నాడు.

కాదనడానికి గ్రీకులో ఓహి అనే మాటుంది.
జివ్కోకి అది బాగానే వచ్చు,
ఊజో రెండో గ్లాసు దగ్గర తప్ప
అన్నిచోట్లా వాడతాడు.
నోరు తెరిచాడు, మూశాడు.
బయట రేవులో ఎవరో మోటారు ఆపారు.
నూనె డబ్బా బరువు చేతుల్లోకి తీసుకుని
తల తిప్పాడు,
అడ్డంగా,
అటూ ఇటూ.